ఇంటిపేరును పొడి అక్షరాలతో సరిపెట్టకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

పత్రికల్లో మనుషుల పేర్లు అచ్చువేసే తీరు గురించి ఒక విన్నపం చేయదలచి ఈ లేఖ రాస్తున్నాను. వార్తల్లోనూ, సన్మాన సభల ఫొటోల కిందా, చివరకు సంతాప ప్రకటనల్లోనూ ‘కె. సుబ్బారావు’, ‘వి. లక్ష్మీకాంతమ్మ’, ‘ఎం.ఎస్. ప్రసాద్’ అని రాసే పద్ధతి స్థిరపడిపోయింది. ఆ పొడి అక్షరాలు తెలుగువి కూడా కావు, ఇంగ్లిషు అక్షరాలను మన లిపిలో పలికించినవి. ఆ ‘కె’ వెనుక ఉన్నది కాకర్ల వారో, కందుకూరి వారో, కంచర్ల వారో పాఠకునికి తెలిసే మార్గం లేదు. సుబ్బారావులు ఊరికి పదిమంది ఉంటారు కాబట్టి, ఫలానా సుబ్బారావు అని గుర్తుపట్టడానికి పనికివచ్చే భాగాన్నే మనం కత్తిరించి పారేస్తున్నామన్నమాట.

మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. కందుకూరు నుంచి కందుకూరి, టంగుటూరు నుంచి టంగుటూరి, వేటూరు నుంచి వేటూరి వచ్చాయి. ‘ఊరు’ అన్నది ‘ఊరి’ అయినప్పుడు ఆ ఊరికి చెందిన మనిషి అని అర్థం వస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. టంగుటూరులోనే ఉండిపోయిన వాణ్ణి టంగుటూరి వాడని ఎవరూ పిలవరు, పిలవవలసిన అవసరమూ రాదు. ఆ ఊరు విడిచి మరోచోట స్థిరపడినప్పుడే కొత్త ఊరి జనం అతణ్ణి పాత ఊరి పేరుతో గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి కుటుంబానికీ వెనుక ఎప్పుడో ఒక వలస ఉంది. కరువు తరిమిందో, దండయాత్ర తరిమిందో, మాన్యం దొరికిందో, పిల్లనిచ్చినవారు రమ్మన్నారో కారణం మరుగున పడిపోయినా బయలుదేరిన చోటు మాత్రం పేరులో మిగిలింది.

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆయన పూర్వీకుల ఊరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినది నేటి కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో అయితే, మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతంలోనిది. 1767లో తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించిన త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు కంభం దగ్గర ఉంది. ముగ్గురూ పుట్టిన ఊళ్లు నేటి తెలుగు రాష్ట్రాలకు వెలుపలే ఉన్నాయి, వారి కుటుంబాలు ఎక్కడి నుంచి కదిలాయో చెప్పే ఆనవాలు ఇంటిపేరులోనే ఉంది. రాధాకృష్ణన్‌ను ‘ఎస్.’ అనీ, విశ్వేశ్వరయ్యను ‘ఎం.’ అనీ రాసినప్పుడు తుడిచిపెట్టినది ఆ ఆనవాలునే. ‘పి.వి.’ అన్న రెండక్షరాలు మన రాష్ట్రాల్లో అందరికీ తెలుసు గాని, అందులోని పాములపర్తి ఒక ఊరి పేరని నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసు?

ఊళ్లు కానివీ కొల్లలుగా ఉన్నాయి. తుమ్మల, మామిడి, మర్రి వంటి చెట్లు, పులి, ఏనుగు, మేకల వంటి జంతువులు, అల్లం, మిరియాల, పప్పు వంటి వంటింటి సరుకులు, గడ్డం, బొజ్జా వంటి ఒంటి గుర్తులు అన్నీ ఇంటిపేర్లయ్యాయి. బళ్లో తోటి పిల్లలు వెక్కిరిస్తారని ఇలాంటి పేర్లను పొడి అక్షరం వెనుక దాచుకునేవారున్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన మహనీయుని పేరులోని ‘పొట్టి’ని ఆయన ఎత్తుకు సంబంధించిన మాటగా పొరబడే పిల్లలను నేను తరగతి గదుల్లో చూశాను. అది వారి ఇంటిపేరు. శ్రీరాములుగారు దాన్ని ఎక్కడా దాచుకోలేదు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అన్న సామెత పుట్టించిన జాతికి ఇంటిపేరుతోనే మనిషిని తూచకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇతర దేశాల్లో ఈ పేర్లు ఎలా వచ్చాయో చూస్తే మనవాటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. చాలాచోట్ల వాటిని ప్రభుత్వాలే పన్నుల కోసమూ, సైన్యంలో భర్తీ కోసమూ పుట్టించాయి. జపానులో సామాన్య ప్రజలు బహిరంగంగా ఇంటిపేరు వాడుకోవడానికి 1870లో గాని అనుమతి రాలేదు. అయిదేళ్లు తిరిగేసరికి, 1875లో, అదే ప్రభుత్వం ఇంటిపేరు ఉండితీరాలని ఆజ్ఞాపించింది. అక్కడ అడుగడుగునా వినబడే తనాకా అంటే వరిమడి నడుమ, యమమోతో అంటే కొండ మొదలు, నకమూరా అంటే నడిమి ఊరు. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా 1849 నవంబరు 21న ఒక ఉత్తర్వు జారీచేసి, అకారాది క్రమంలో కూర్చిన ఇంటిపేర్ల పట్టికను రాష్ట్రాలకు పంపించాడు. అధికారులు అందులో కొన్ని పుటలు ఈ ఊరికి, కొన్ని ఆ ఊరికి అని పంచిపెట్టారు. కొన్ని పట్టణాల్లో జనం ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలుకావడం ఆ పంపకం ఫలితమే. తుర్కియేలో 1934 జూన్ 21న ఇంటిపేర్ల చట్టం వచ్చింది. ముస్తఫా కెమాల్‌కు ‘తుర్కుల తండ్రి’ అన్న అర్థంలో అతాతుర్క్ అనే పేరును పార్లమెంటే ఇచ్చింది. ఆయన సహచరుడు ఇస్మెత్‌కు తాను యుద్ధం గెలిచిన ఇనొను అన్న చోటు పేరు ఇంటిపేరైంది. అదే సంవత్సరం ఆగా, ఎఫెంది, బే, పాషా వంటి పాత గౌరవ బిరుదులను మరో చట్టం రద్దుచేసింది. మంగోలియాలోనైతే 1925లో వంశనామాలను నిషేధించి, డెబ్బయి ఏళ్ల తర్వాత మళ్లీ పెట్టుకొమ్మన్నారు. అప్పటికి తమ వంశం పేరు ఏమిటో మరచిపోయినవారు ఎందరో చెంగిజ్ ఖాన్ వంశనామమైన బొర్జిగిన్‌ను తగిలించుకున్నారు. ఆ దేశపు తొలి వ్యోమగామి గుర్రాగ్చా మాత్రం తన ఇంటిపేరును ‘అంతరిక్షం’ అని ఎంచుకున్నాడు! పోగొట్టుకున్నదాన్ని అంత అందంగా పూరించుకునే అవకాశం అందరికీ రాదు.

అసలు ఇంటిపేరే లేకుండా హాయిగా బతికే సమాజాలూ ఉన్నాయి. ఐస్‌లాండులో తండ్రి పేరుకో, తల్లి పేరుకో ‘కొడుకు’, ‘కూతురు’ అన్న మాట చేరుస్తారు. 1980లో ఆ దేశ అధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ పేరులోని రెండో భాగానికి ఫిన్‌బొగి కూతురు అని అర్థం, అంతే. టెలిఫోన్ డైరెక్టరీని కూడా పెట్టిన పేరు క్రమంలోనే వేసుకున్నారు, కొత్తగా ఇంటిపేర్లు పెట్టుకోవడాన్ని 1925లోనే చట్టం ఆపింది. బర్మాలో ఆంగ్ సాన్ సూ చీ పేరులో తండ్రి, నాయనమ్మ, తల్లి పేర్ల ముక్కలున్నాయి గాని ఇంటిపేరు లేదు. కాబట్టి ప్రపంచంలో ప్రతివారికీ ఇంటిపేరు ఉండితీరాలన్నది నా వాదం కాదు. ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించకుండా, ఏ పట్టికలోంచీ ఏరుకోకుండా మనకు తరతరాలుగా వచ్చినదాన్ని ఏ లాభం కోసం పోగొట్టుకుంటున్నామన్నదే నా ప్రశ్న.

పోగొట్టుకోవడం అన్న మాట ఊరికే వాడలేదు. బడిలో ఏళ్ల తరబడి హాజరు పట్టీలు, పదో తరగతి పరీక్ష రాసేవారి పేర్ల జాబితాలు (నామినల్ రోల్సు) చూసినవాడిగా ఈ ప్రక్రియ ఎలా సాగుతుందో చెప్పగలను. పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు తండ్రి ఇంటిపేరుతో సహా పేరు చెబుతాడు. దరఖాస్తులో గడి చాలదనో, రాయడం తేలికనో దాన్ని పొడి అక్షరం చేస్తారు. ఒకే తరగతిలో ముగ్గురు ‘కె. లక్ష్మి’లు చేరితే ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు గాని, కొమ్మాలపాటి, కంచర్ల, కోట అని రాయాలని తోచదు. పదో తరగతి ధ్రువపత్రంలో పడినదే ఆ తర్వాత అన్నిచోట్లా ప్రమాణం. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఒక గడి ఉంటాయి. ధ్రువపత్రంలో ఉన్నది పొడి అక్షరమే కాబట్టి కొందరికి మొదటి గడి ఖాళీగా మిగులుతుంది, కొందరికి పెట్టిన పేరే వెళ్లి ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. ఒకే పేరు గల పాస్‌పోర్టుతో వెళ్లినవారికి అమెరికా వీసాలో ‘మొదటి పేరు తెలియదు’ అన్న అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అని ముద్రిస్తారు, అక్కడి కార్డుల్లో కొందరి పేరే ఎఫ్‌ఎన్‌యూ అయి కూర్చున్నది. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శకులను అనుమతించబోమని ప్రకటించింది. తండ్రి పేరో, కుటుంబం పేరో రెండో పుటలో ఉంటే చాలని ఆ తర్వాత సడలించేదాకా ఎందరి ప్రయాణాలో ఆగిపోయాయి. ఈ ఇబ్బందులు ఏదో ఒక అఫిడవిట్‌తో తీరుతాయి. తీరనిది ఆ తర్వాతి తరంలో జరిగేది. పరాయి దేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి పేరు చివరనున్న రమణో, కుమారో ఇంటిపేరవుతుంది, అసలు ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది.

ఇది మనకు కొత్త కాదు. 1830ల చివరి నుంచి కోరంగి, విశాఖపట్నం రేవుల మీదుగా ఒప్పంద కూలీలుగా మారిషస్ వెళ్లిన తెలుగువారి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి అధికారులు కూలీకి ఒక సంఖ్య ఇచ్చి, అతడు పలికిన పేరును తమకు వినబడినట్టు రాసుకున్నారు. ఆ పేరే పిల్లలకు ఇంటిపేరైంది. ఈనాడు అక్కడి తెలుగు కుటుంబాల్లో అప్పడు, రామసామి, వీరాసామి అన్నవి ఇంటిపేర్లు. అవి ఓడ దిగిన ముత్తాతల సొంత పేర్లు, ఫ్రెంచి వర్ణక్రమంలో గుర్తుపట్టడానికి వీలులేకుండా మారినవి. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ చేరిన దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఓడ జాబితాలు ఇంకా వివరంగా ఉండేవి. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు అన్నిటికీ అందులో గడులున్నాయి, ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. డర్బనులో ఇప్పుడు నాయుడు, రెడ్డి అన్న బిరుదులే ఇంటిపేర్లుగా చలామణి అవుతున్నాయి. మలేసియాలోని తెలుగువారు అక్కడి మిగతా భారతీయుల వలె పేరుకూ తండ్రి పేరుకూ నడుమ ‘కుమారుడు’, ‘కుమార్తె’ అన్న అర్థమిచ్చే మలయ్ పొడి అక్షరాలు రాసుకుంటారు. ఆ సంతతివారు తమ పూర్వీకుల ఊరు వెదుక్కుంటూ ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు చేతిలో ఉండేది తాతగారి సొంత పేరు మాత్రమే. ఇంటిపేరు మిగిలి ఉంటే వెదుకులాట పదో వంతుకు తగ్గేది. నాడు కూలీని సంఖ్యగా చూసే పాలనలో గత్యంతరం లేక జరిగిన నష్టాన్ని ఈనాడు చదువుకున్నవారం, పైగా మన సొంత పత్రికల్లో, ఎవరూ అడగకుండానే చేసుకుంటున్నాం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టివేయలేను. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుందని, అందుకే పొడి అక్షరాలు వాడుతున్నామని చాలామంది అంటారు. తమిళనాడులో 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ పేరు చివరి కులబిరుదులు వదిలేయాలని తీర్మానించింది, ఆ సమాజం దాన్ని చాలావరకు పాటించింది. అయితే వారు వదిలినది పేరు వెనుకనుండే బిరుదును. మనం దాన్ని భద్రంగా ఉంచుకొని, ఊరిని చెప్పే ముందు భాగాన్ని కత్తిరించుకుంటున్నాం. ఒకే ఊరి నుంచి అనేక కులాలవారు కదిలారు కాబట్టి ఒకే ఇంటిపేరు అనేక కులాల్లో కనబడుతుంది. త్యాగరాజస్వామిదీ, నిమ్స్ సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారిదీ ఒకే ఇంటిపేరు, కులాలు మాత్రం వేరు. అయినా తన ఇంటిపేరు బయటపెట్టడం ఇష్టంలేనివారిని పత్రిక బలవంతపెట్టకూడదన్నదే నా అభిప్రాయం. అడిగి రాయమంటున్నాను గాని, ఆరా తీసి రాయమనడం లేదు.

ఈ ప్రశ్నకు మరో వైపు కూడా ఉంది. కమ్మరి పని చేసేవాడన్న అర్థం ఇంగ్లండులో స్మిత్‌కు, జర్మనీలో ష్మిట్‌కు, హంగరీలో కొవాచ్‌కు, అరబ్బు దేశాల్లో హద్దాద్‌కు ఉంది. స్మిత్ అన్నవాణ్ణి మీ తాతకు కొలిమి ఉండేదా అని అక్కడ ఎవరూ అడగరు. మన దగ్గర కమ్మరి, కుమ్మరి, చాకలి అన్న మాటలు పేరు ముందు చేరితే ఇప్పటికీ కులంగానే వినబడతాయి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను నిలుపుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. చరిత్రలోకి మాత్రం ఆమె చాకలి ఐలమ్మగానే ఎక్కింది, 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. ఆ పేరును గర్వంగా చెప్పుకునేవారి భావాన్ని నేను గౌరవిస్తాను. కాని అదే పాలకుర్తి వాడైన సోమనాథుణ్ణి పాల్కురికి అనీ, పక్క ఊరి పోతనను బమ్మెర అనీ ఊరి పేరుతో గుర్తుపెట్టుకున్న మనం, ఐలమ్మ దగ్గరకు వచ్చేసరికి ఇంటిపేరు ఏమిటని అడగకపోవడం కేవలం యాదృచ్ఛికమని అనుకోలేను. పొడి అక్షరమైనా దక్కనివారు మన సమాజంలో ఎందరో ఉన్నారు, వారి ఇంటిపేర్లు రాయవలసిన బాధ్యత పత్రికల మీద మరింత ఎక్కువ.

స్త్రీల పేర్ల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. జపానులో పెళ్లయిన దంపతులు ఒకే ఇంటిపేరు పెట్టుకోవాలని సివిల్ కోడ్ 750వ నిబంధన చెబుతుంది, దాన్ని 2015లోనూ 2021లోనూ అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది, మార్చుకునేవారు మాత్రం నూటికి తొంభై అయిదుమంది స్త్రీలే. మనకు అలాంటి చట్టం లేదు. కాబట్టి పుట్టింటి పేరు రాసుకునే స్త్రీకి పత్రిక తనంతట తాను మెట్టినింటి పొడి అక్షరం తగిలించకుండా, ఆమె ఎలా రాసుకుంటే అలాగే వేయాలి.

ఇంటిపేరు ముందు రాయడం వెనుకబాటుతనమని అనుకునేవారికి ఒక్క మాట. చైనా, కొరియా, జపాను, వియత్నాంలతో పాటు ఐరోపా నడిబొడ్డునున్న హంగరీలోనూ ఇంటిపేరే ముందు వస్తుంది, మనం బేలా బార్తోక్ అని పిలిచే సంగీతకారుడు స్వదేశంలో బార్తోక్ బేలా. 2019లో జపాను విదేశాంగ మంత్రి తమ ప్రధానమంత్రి పేరును ఆబే షింజో అని ఇంటిపేరు ముందుగా రాయాలని ప్రపంచ పత్రికలను కోరారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో రాసేటప్పుడు కూడా అదే వరసను అమలుచేశారు. ఇంకొకరి పత్రికలను సైతం అడగడానికి వారు వెనుకాడలేదు. మన భాషలో, మన పత్రికనే నేను అడుగుతున్నాను.

అడుగుతున్నది పెద్ద మార్పేమీ కాదు. శీర్షికల్లో చోటు తక్కువ కాబట్టి ‘పి.వి.’, ‘ఎన్టీఆర్’ వంటి వాడుకలకు అభ్యంతరం లేదు. వార్త లోపల పేరు మొదటిసారి వచ్చినచోట, ఇష్టపడినవారి ఇంటిపేరును తెలుగులో పూర్తిగా వేయండి. విలేకరులు పేరు రాసుకునేటప్పుడే ఇంటిపేరు కూడా అడిగి రాసుకోవాలని ఒక నియమం పెట్టండి. ఒంగోలు సభకు వచ్చిన అతిథి పేరు హైదరాబాదు డెస్కులో పూరించడం ఎవరితరమూ కాదు గదా. సంతాప ప్రకటనలు తీసుకునే కౌంటర్లలోని దరఖాస్తులో ఇంటిపేరుకు తెలుగులో రాయడానికి సరిపడేంత వెడల్పైన గడి ఒకటి చేర్పించండి. వీలైతే జిల్లా సంచికల్లో వారానికొక ఇంటిపేరు, దాని ఊరు, ఆ ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో తెలిపే చిన్న శీర్షిక నడపండి. రాసి పంపేవారికి కొదవ ఉండదు.

భవదీయుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ఒంగోలు